మిగులు ఉన్న లైనే మంచి లైను

స్పీడ్ టెస్ట్ చేశాక తెర మీద వచ్చిన అంకె చూసి నెట్ బాగుందో లేదో తేల్చేస్తాం. 92 వస్తే తృప్తి, 14 వస్తే కస్టమర్ కేర్‌కు ఫోను. కానీ ఆ ఒక్క అంకెలో చాలా సంగతులు కలిసిపోయి ఉంటాయి. గోడలోంచి వచ్చిన తీగ, వీధి స్తంభం మీది పెట్టె, ఎక్స్ఛేంజి, ఊళ్ల మధ్య కేబుళ్లు, ఇంట్లో వైఫై, ఆ సమయానికి అదే లైను మీద ఉన్న ఇరుగుపొరుగు. వీటిలో ఏది బాగుందో, ఏది పాడైందో స్పీడ్ టెస్ట్ విడదీసి చెప్పలేదు.

విడదీసి చెప్పే అంకెలు రూటర్‌లోనే ఉన్నాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలా రూటర్లలో లోపలి పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె కింద అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ స్టేటస్ అన్నచోట, ఫైబర్ కనెక్షన్ అయితే రిసీవ్ పవర్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే కనెక్షన్ అయితే అటెన్యుయేషన్, ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, సీఆర్‌సీ అని వరసగా ఉంటాయి. లైను ఆరోగ్యం తెలిసేది ఇక్కడే.

ఈ అంకెలన్నీ చివరికి ఒకే ప్రశ్నకు జవాబు చెబుతాయి: పని జరగడానికి కావలసినదానికంటే ఈ లైనులో ఎంత మిగిలి ఉంది? నాణ్యత తెలియాలంటే వేగం కంటే ముందు ఆ మిగులును చూడాలి. మిగులు ఉన్న లైను వానకీ ఎండకీ తట్టుకుంటుంది. మిగులు లేని లైను ఈరోజు ఎంత వేగంగా పరిగెత్తినా రేపు తెగుతుంది.

తీగ నుంచి పుట్టిన కొలత

టెలిఫోన్ ఇంజినీర్లను మొదటినుంచీ వేధించిన సమస్య, తీగ పొడవు పెరిగేకొద్దీ మాట నీరసించడం. ఎంత నీరసించిందో చెప్పడానికి మొదట్లో 'ప్రామాణిక కేబుల్ మైలు' అనే కొలత వాడేవారు. నిర్ణీత రకం తీగలో ఒక మైలు దూరానికి మాట ఎంత తగ్గుతుందో, అదే ప్రమాణం. 1920లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ఇంజినీర్లు దాని స్థానంలో లెక్కకు అనువైన కొత్త ప్రమాణం తెచ్చారు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు కలుపుకుని అది డెసిబెల్ అయింది. శబ్దకాలుష్యం వార్తల్లో వినే డెసిబెల్‌కు పుట్టిల్లు టెలిఫోన్ తీగే.

దీన్ని వాడటానికి లాగరిథమ్‌ల పుస్తకం అక్కర్లేదు. 3 డెసిబెళ్లు తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతవుతుంది. ఈ రెండూ గుర్తుంటే చాలు. 20 తగ్గితే నూరో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు. దారిలో ఎదురయ్యే నష్టాలన్నిటినీ గుణించకుండా వరసగా కూడుకుంటూ పోవచ్చు. అదే దీని సౌలభ్యం. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే శక్తి. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 20 డీబీఎం అంటే అందులో నూరో వంతు. మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ అందుతున్న శక్తి తగ్గుతోందని అర్థం.

రాగి తీగ మీద 512 దారులు

2004 నాటి మన బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు అందితే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ కనీస హద్దు 2 ఎంబీపీఎస్ అయింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో సేవ మొదలుపెట్టినప్పుడు అది అప్పటికే ఇళ్లలో ఉన్న టెలిఫోన్ రాగి తీగ మీదే వచ్చింది. మనిషి మాటకు ఆ తీగలో సుమారు 3,400 హెర్ట్జ్ వరకు చాలు. ఆపైన ఉన్న ఖాళీ అంతా డేటాకు వాడుకోవచ్చన్న ఆలోచన డీఎస్‌ఎల్‌కు పునాది. ఇంటికి వచ్చే వైపు ఎక్కువ వేగం, ఇంటి నుంచి పోయే వైపు తక్కువ వేగం పెడితే పక్కపక్క తీగల మధ్య రొద తగ్గుతుందని 1980ల చివర్లో బెల్‌కోర్ ఇంజినీరు జోసెఫ్ లెక్‌లైడర్ చూపించాడు. ఏడీఎస్‌ఎల్ పేరులోని మొదటి అక్షరం ఆ అసమానతకు గుర్తు.

ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ పద్ధతిలో 2.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న స్థలాన్ని 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న 512 సన్నటి దారులుగా విడగొడతారు. మోడెమ్ ఆన్ చేయగానే లైటు కాసేపు మిణుకుమిణుకుమంటుంది గదా, ఆ సమయంలో అది ఒక్కో దారిలో సిగ్నల్ ఎంత, రొద ఎంత అని పరీక్షిస్తుంది. శుభ్రంగా ఉన్న దారికి ఒక్కో విడతలో 15 బిట్ల వరకు అప్పగిస్తుంది. రొద ఎక్కువున్న దారికి రెండో మూడో ఇస్తుంది, పూర్తిగా పాడైనదాన్ని వదిలేస్తుంది. సెకనుకు ఇలాంటి విడతలు 4,000. 400 దారులు సగటున పదేసి బిట్లు మోస్తే 16 ఎంబీపీఎస్. రొద ఉన్న దారిలో ఎంత సమాచారం నిక్కంగా పంపవచ్చో 1948లో క్లాడ్ షానన్ గణితంతో తేల్చాడు. మోడెమ్ మన ఇంట్లో చేసే పని ఆ హద్దుకు వీలైనంత దగ్గరగా చేరడమే.

అటెన్యుయేషన్ అంటే దారిలో పోయిన శక్తి. అర మిల్లీమీటరు మందం రాగి తీగలో అది కిలోమీటరుకు సుమారు 14 డెసిబెళ్లు. ఎక్స్ఛేంజి 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే 40 దాటుతుంది, అంటే పంపిన శక్తిలో పదివేలో వంతు కూడా చేరదు. పై పౌనఃపున్యాలు ముందుగా చచ్చిపోతాయి. అందుకే దూరంగా ఉన్న ఇంటికి తక్కువ వేగమే దక్కుతుంది. ఈ అంకె తీగ పొడవును బట్టి స్థిరంగా ఉండాలి. ఉన్నట్టుండి పెరిగిందంటే ఎక్కడో జాయింటు తుప్పు పట్టిందనో, నీళ్లు దిగాయనో అనుమానించాలి.

ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ ఇంకా ముఖ్యమైనది. నిండిన చెరువులో నీటిని కట్ట అంచుదాకా రానివ్వరు. గాలికి లేచే అలల కోసం, రాత్రికి రాత్రి వచ్చే వరద కోసం కొంత ఎత్తు వదులుతారు. మార్జిన్ అలా వదిలిన ఎత్తు. ఇప్పుడు నడుస్తున్న వేగానికి కావలసినంత సిగ్నల్ పోగా, రొద పెరిగితే తట్టుకోవడానికి ఉంచిన మిగులు. సాధారణంగా 6 డెసిబెళ్లు ఉండేలా చూస్తారు. అది 2కో 1కో జారితే లైను తెగి మళ్లీ కలుస్తుంది.

మార్జిన్ రోజంతా ఒకేలా ఉండదు. మీడియం వేవ్ రేడియో కేంద్రాలు వాడే పౌనఃపున్యాలు సరిగ్గా ఏడీఎస్‌ఎల్ స్థలంలోనే పడతాయి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ 194వ దారి మీద, హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ 171వ దారి మీద పడుతుంది. స్తంభాల మీదుగా సాగిన తీగ యాంటెన్నాలా ఆ తరంగాలను పట్టుకుంటుంది. పొద్దుగూకాక ఇంకో సంగతి తోడవుతుంది. పగలు మీడియం వేవ్‌ను పీల్చేసే అయనావరణపు కింది పొర రాత్రికి పలచబడుతుంది కాబట్టి దూరపు కేంద్రాలు కూడా వినిపించసాగుతాయి. మధ్యాహ్నం 8 ఉన్న మార్జిన్ రాత్రి తొమ్మిదికి 5 కావడంలో వింతేమీ లేదు. లైను ఎంత గట్టిదో తెలియాలంటే మార్జిన్‌ను రాత్రి పూట చూడాలి.

మిగులు ఊరికే రాదు, వేగం ఇచ్చి కొనుక్కోవాలి. ఒక్కో దారిలో ఒక్క బిట్ తగ్గిస్తే సుమారు 3 డెసిబెళ్ల మిగులు దొరుకుతుంది. 400 దారుల లైనులో దాని ధర 1.6 ఎంబీపీఎస్. రోజుకు పదిసార్లు తెగే 16 ఎంబీపీఎస్ కంటే నెలంతా నిలిచే 14 ఎంబీపీఎస్ మేలు. ఎక్స్ఛేంజిలో మార్జిన్ లక్ష్యాన్ని 9కి పెంచమని అడగడం అందుకే అర్థవంతమైన కోరిక.

తప్పులను ఎలా లెక్కపెట్టాలి

ఏ లైనూ తప్పుల్లేకుండా నడవదు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే గణితవేత్తలు ఒక సంకేత పద్ధతి ప్రచురించారు. పంపే డేటాతోపాటు లెక్క ప్రకారం కొన్ని అదనపు అక్షరాలు కలిపితే, దారిలో కొన్ని చెడిపోయినా అవతలివైపు అసలును తిరిగి కట్టవచ్చు. సీడీల్లోనూ, వాయేజర్ వ్యోమనౌకల సందేశాల్లోనూ వాడిన ఆ పద్ధతే మన డీఎస్‌ఎల్ లైన్లలో, ఫైబర్ లైన్లలో ఎఫ్‌ఈసీ పేరుతో పనిచేస్తుంది.

ఎఫ్‌ఈసీ లెక్క సరిదిద్దిన తప్పులది. అది లక్షల్లో ఉన్నా కంగారు పడనక్కర్లేదు, రక్షణ పనిచేస్తోందని అర్థం. సీఆర్‌సీ లెక్క సరిదిద్దలేక పోగొట్టుకున్న ముక్కలది. చూడవలసింది దాన్ని. అయితే ఎంతకాలానికి అన్నది తెలియకుండా ఆ సంఖ్యకు విలువ లేదు. నెల రోజుల్లో 5,000 తప్పులు పెద్ద లెక్క కాదు, గంటలో 5,000 అంటే లైను చెడింది. కాబట్టి పక్కనే ఉండే అప్‌టైమ్ చూసి, గంట తేడాతో రెండుసార్లు రాసుకుని, తేడా తీయాలి. ఎర్రర్డ్ సెకండ్స్ అన్న లెక్క ఇంకా ఉపయోగం. తప్పులన్నీ నాలుగు సెకన్లలోనే కుప్పగా పడ్డాయంటే మోటారు వేయడమో, పిడుగు పడటమో కారణం కావచ్చు. రోజంతా చెదురుగా పడుతుంటే తీగనే అనుమానించాలి.

గాజుపోగులో కాంతి లెక్క

ఇప్పుడు పట్టణాల్లో కొత్త కనెక్షన్ అంటే దాదాపుగా ఫైబరే. 1966లో చార్ల్స్ కావ్, జార్జ్ హాక్‌హామ్ గాజుపోగులో నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు తగ్గించగలిగితే కాంతితో టెలిఫోన్ నడపవచ్చని లెక్కగట్టారు. అప్పటి గాజులో నష్టం వెయ్యి డెసిబెళ్ల స్థాయిలో ఉండేది. 1970లో కార్నింగ్ శాస్త్రవేత్తలు ఆ హద్దు దాటారు. నేటి పోగుల్లో అది 0.2 నుంచి 0.35 మధ్య. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ఈ పోగును కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు తీసుకెళ్లింది. తెలంగాణలో టీ ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాలను వాడుకుంది.

ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా ఉన్నది జీపాన్ పద్ధతి. ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి ఒకే పోగు బయల్దేరుతుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న గాజు పరికరం దాని కాంతిని 8, 32, 64 పాయలుగా పంచుతుంది. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. ఇంట్లో ఉండే ఓఎన్‌టీ అనే పెట్టెకు 1,490 నానోమీటర్ల కాంతి వస్తుంది, 1,310 నానోమీటర్ల కాంతి తిరిగి వెళ్తుంది.

లెక్క చూద్దాం. ఓఎల్‌టీ 3 డీబీఎం శక్తితో కాంతి పంపింది. ఎనిమిదేసి పాయలుగా పంచే స్ప్లిటర్లు వరసగా రెండున్నాయి. ఒక్కోటి సుమారు పదిన్నర డెసిబెళ్లు తింటుంది, రెండూ కలిసి 21. నాలుగు కిలోమీటర్ల పోగుకు ఒకటి, జాయింట్లకూ కనెక్టర్లకూ ఇంకొకటి. మొత్తం 23 పోగా ఇంటికి మైనస్ 20 డీబీఎం చేరుతుంది. అంటే మిల్లీవాట్‌లో నూరో వంతు. బీ ప్లస్ తరగతి ఓఎన్‌టీ మైనస్ 27 వరకు చదవగలదు. కాబట్టి ఈ ఇంటికి 7 డెసిబెళ్ల మిగులుంది.

మైనస్ 15 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 25 దాటితే మిగులు కరిగిపోతోందని లెక్క. మైనస్ 27 దాటాక తప్పులు పెరుగుతాయి, ఆపైన సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు వెలుగుతుంది. రాగికీ గాజుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రాగి లైను బలహీనపడితే మోడెమ్ మళ్లీ కలిసినప్పుడు తక్కువ వేగానికి దిగుతుంది. జీపాన్ లైను వేగం మాత్రం 2.488 జీబీపీఎస్ దగ్గరే ఉంటుంది. పవర్ మైనస్ 26 దాకా జారినా స్పీడ్ టెస్ట్‌లో ఏమీ తెలియదు. అందుకే ఫైబర్ వాడేవాళ్లు రిసీవ్ పవర్‌ను అప్పుడప్పుడూ చూసుకోవాలి.

పవర్ ఎందుకు పడిపోతుంది? మూడు కారణాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది దుమ్ము. పోగు మధ్యలో కాంతి నడిచే భాగం వెడల్పు 9 మైక్రాన్లే, కనెక్టర్ కొస మీద కంటికి కనిపించని నలుసు చాలు అడ్డుకోవడానికి. రెండోది వంపు. తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగించి తిప్పినా కాంతి పక్కకు కారిపోతుంది. ఇంటికి వచ్చే తరంగం పోయే తరంగం కంటే పొడవైనది కాబట్టి వంపుకు ముందు అదే దెబ్బతింటుంది. మూడోది రంగు తప్పడం. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం దానికి ఆ ఏటవాలు ఉండదు. రెండిటినీ కలిపితే మధ్యలో సందు మిగిలి కొన్ని డెసిబెళ్లు అక్కడే పోతాయి. పోగు కొసను మాత్రం కంటితో చూడకూడదు. అందులోని కాంతి కనిపించదు, కంటికి హాని చేయవచ్చు.

లైను బాగున్నా నెట్ నెమ్మదిస్తే

పవర్ మైనస్ 19, తప్పులు సున్నా, అయినా రాత్రి ఎనిమిదికి వీడియో ఆగిపోతోంది. అప్పుడు చూడవలసింది లాటెన్సీ, జిట్టర్, ప్యాకెట్ లాస్. 1983లో మైక్ మూస్ రాసిన పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఈ మూడిటినీ పట్టి చూపుతుంది. అది ఒక ప్యాకెట్ పంపి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది.

ఆ వ్యవధికి, అంటే లాటెన్సీకి, ప్రకృతి పెట్టిన హద్దుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి తిన్నగా లెక్కేసినా సుమారు 13 వేల కిలోమీటర్లు. పోయిరావడానికి 130 మిల్లీసెకన్లు తప్పదు, సముద్రగర్భ కేబుళ్ల వంకర దారిలో ఇంకా పెరుగుతుంది. అక్కడున్న పిల్లలతో మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య వచ్చే ఆ చిన్న విరామం ఏ ప్లాన్ మార్చినా పోదు. కానీ పక్క ఊరి సర్వర్‌కు పింగ్ ఒకసారి 10, ఒకసారి 180 చూపిస్తే దోషం దూరానిది కాదు. దారిలో ఎక్కడో రద్దీ ఉంది. ఆ ఊగిసలాటే జిట్టర్.

ప్యాకెట్ లాస్, అంటే ప్యాకెట్లు దారిలో పోవడం, చిన్నగా కనిపిస్తూ పెద్ద నష్టం చేస్తుంది. 2006లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నాణ్యతా ప్రమాణాల్లో దాని హద్దు 1 శాతం. 2024లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. 1 శాతమంటే ఏమంత అనిపిస్తుంది. సంప్రదాయ టీసీపీ డౌన్‌లోడ్ వేగానికి 1997లో మాథ్యూ మాథిస్ బృందం ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే, 40 మిల్లీసెకన్ల దూరంలోని సర్వర్ నుంచి 1 శాతం లాస్‌తో ఒక్కో డౌన్‌లోడ్‌కు వచ్చేది సుమారు 3.5 ఎంబీపీఎస్. లైను 100 ఎంబీపీఎస్‌దే కావచ్చు. లాస్ 0.01 శాతానికి తగ్గితే అదే డౌన్‌లోడ్ పది రెట్లు వేగంగా సాగుతుంది. కొత్త టీసీపీ పద్ధతులు ఈ దెబ్బను కొంత తట్టుకుంటాయి గానీ, వీడియో కాల్‌లో పోయిన ముక్క పోయినట్టే.

ఇంకో దోషం మన రూటర్‌లోనే ఉండవచ్చు. ఫోన్ నుంచి ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కుతుంటే ఇంట్లో అందరి కాల్స్ తడబడతాయి. పోయే వైపు వేగం 10 ఎంబీపీఎస్, రూటర్ వరసలో పట్టేది ఒక మెగాబైట్ అనుకుంటే, వరస నిండాక వచ్చిన ప్యాకెట్ 0.8 సెకను ఆగాలి. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ తన ఇంటి లైను మీద దీన్ని పసిగట్టి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ వరస పెరగకుండా చూసే కోడెల్ పద్ధతి ప్రచురించారు. వరసను అదుపులో ఉంచే ఎస్‌క్యూఎం సౌకర్యమున్న రూటర్‌లో పోయే వేగాన్ని అసలు వేగానికి 90 శాతం దగ్గర కట్టేస్తే కాల్స్ కుదుటపడతాయి. ఇక్కడా కొంత వేగం ఇచ్చి మిగులు కొంటున్నాం.

తప్పు ఎక్కడుందో వరసగా వెతకడం

చాలా ఫిర్యాదులు ఇంటి గడప లోపలే తేలిపోతాయి. లాప్‌టాప్‌ను తీగతో రూటర్‌కు కలిపి కొలిస్తే పూర్తి వేగం వచ్చిందనుకుందాం. అప్పుడు దోషం వైఫైదే. ఫోన్‌కు అందే వైఫై బలం మైనస్ 50 డీబీఎం దగ్గరుంటే చక్కగా ఉన్నట్టు, మైనస్ 70 దాటితే బలహీనపడినట్టు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లు వాటినే పంచుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కానీ గోడలు దాటే బలం తక్కువ. తీగతో కొలిచినప్పుడు ఎన్నిసార్లు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే ఆ తీగలోనో పోర్టులోనో 100 ఎంబీపీఎస్ హద్దు ఉందని గుర్తు. ఈథర్‌నెట్ తీగలోని నాలుగు జతల్లో ఒకటి తెగినా గిగాబిట్ లింకు ఆ హద్దుకు దిగిపోవచ్చు.

వెతుకులాటకు వరస ఇది. ముందు తీగతో కొలవాలి. తర్వాత రూటర్ పేజీలో పవర్ లేదా మార్జిన్ చూడాలి. తర్వాత తప్పుల లెక్కను గంట తేడాతో తీయాలి. అవన్నీ బాగుంటే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పింగ్ పెట్టాలి. రాత్రి మాత్రమే చెడితే అది ఆపరేటర్ వైపు రద్దీ, టెక్నీషియన్ వచ్చి తీగ మార్చినా తీరదు. అప్‌లోడ్ సమయంలో మాత్రమే చెడితే రూటర్ వరస. వాన పడ్డప్పుడు మాత్రమే చెడితే బయట జాయింటు.

ఇవన్నీ లైను బాగున్న రోజున రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే మైనస్ 24 అన్న అంకె దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మొదటి రోజునుంచీ మైనస్ 24 ఉన్న లైను ఏళ్లతరబడి నడవవచ్చు. మైనస్ 18 నుంచి మైనస్ 24కి జారిన లైనులో నాలుగింట మూడు వంతుల కాంతి ఎక్కడో పోతోంది. కనెక్షన్ ఇచ్చిన రోజున టెక్నీషియన్ పవర్ మీటర్ పెట్టి కొలుస్తాడు. ఆ అంకెను కాగితం మీద రాసి ఇవ్వమని అడగాలి. ప్రకటనల్లో వేగం ఒక్కటే అమ్ముతారు, మిగులు గురించి ఎవరూ చెప్పరు. "నెట్ సరిగా రావడం లేదు" అన్న ఫిర్యాదుకు "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్న జవాబు సరిపోతుంది. "మార్చిలో మైనస్ 18 ఉన్న పవర్ ఇప్పుడు మైనస్ 24, ఇంట్లోని ప్యాచ్ కార్డ్ పోగు మార్చినా అంతే ఉంది" అన్నప్పుడు మాత్రం బయటి లైను చూడటానికి మనిషి రాక తప్పదు.